కెమెరా లోపలి దుమ్ము, మరకలు: సెన్సర్ మీద గీత పడకుండా తుడవడం ఎలా

లెన్స్ మార్చి చూశారు, ముందు గాజు తుడిచి చూశారు, అయినా ఆకాశంలో అదే మూల అదే నల్ల చుక్క. అంటే దుమ్ము లెన్స్ మీద లేదు, కెమెరా లోపల సెన్సర్ (బొమ్మ పడే చిప్) మీద కూర్చుంది. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకీ, గోపాల్‌పూర్ ఒడ్డునా రుషికుల్య నది మొగలోనూ కెమెరా పట్టేవాళ్ళకీ ఇది తప్పని తలనొప్పి. కంపెనీ సర్వీసుకి ఇవ్వాలంటే విశాఖకో భువనేశ్వర్‌కో పంపాలి. ముహూర్తాల నెలలో కెమెరాని చేతిలోంచి వదలడం ఎవరికి కుదురుతుంది?

ఇంట్లోనే చేసుకోవచ్చు. పని కష్టమైనది కాదు, తొందర మాత్రం పనికిరాదు. గాలి ఊదితే పోయే దుమ్మును గుడ్డతో తుడవబోవడం వల్లే గీతలు పడతాయి. అందుకే ఒక వరస పెట్టుకోండి: కెమెరా తనంతట తాను దులుపుకోవడం, తర్వాత గాలి, ఆఖర్న తడి. ఏ మెట్టు దగ్గర మచ్చ పోతే అక్కడే ఆగిపోవాలి.

మీరు తాకేది సెన్సర్‌ని కాదు

సెన్సర్ చిప్ ముందు సన్నటి గాజు ఫిల్టర్ ఉంటుంది. పరారుణ కాంతిని ఆపేది అదే. చాలా కెమెరాల్లో లో-పాస్ ఫిల్టర్ (సన్నటి గళ్ళ బట్టల మీద వింత చారలు రాకుండా చూసేది) కూడా అందులోనే కలిసి ఉంటుంది. దుమ్ము వాలేది ఈ గాజు మీద, మనం తుడిచేదీ దీన్నే. ఇది కొంత ధైర్యం ఇచ్చే సంగతే. కానీ ఆ గాజు మీద పలుచటి పూత ఉంటుంది. గీత పడితే పాలిష్ చేసి పోగొట్టేది కాదు. గాజు ఒక్కటీ మార్చడం కుదరక మొత్తం సెన్సర్ భాగాన్నే మార్చాల్సిన మోడళ్ళు కూడా ఉన్నాయి. అప్పుడు పాత కెమెరా విలువకి మించిన బిల్లు రావచ్చు.

సముద్రపు ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. మోహ్స్ కొలతలో దాని గట్టిదనం 7, మామూలు గాజుది 5.5 దగ్గర. స్వాబ్ (సెన్సర్ తుడిచే గుడ్డ చుట్టిన పుల్ల) కింద ఒక్క ఇసుక రేణువు దొరికినా, మెత్తటి గుడ్డే అయినా, చివరిదాకా గీత గీసుకుంటూ పోతుంది. బీచ్‌లో వాడిన కెమెరాని ఊదకుండా తుడవకూడదని చెప్పేది ఇందుకే.

ముందు మచ్చ ఎక్కడుందో తేల్చండి

వ్యూఫైండర్‌లో కనబడి ఫోటోలో రాని మచ్చలతో మీకు పని లేదు. లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్‌లో అవి ఆ అద్దం మీదో, పైనున్న ఫోకసింగ్ స్క్రీన్ మీదో ఉంటాయి. ఫోటోకి వాటితో నష్టం లేదు. ఫోటోలో కనబడి వ్యూఫైండర్‌లో కనబడనివే సెన్సర్ మీదివి. అద్దం లేని మిర్రర్‌లెస్‌లో ఈ తేడా తెలియదు, ఎందుకంటే మీరు చూసేదే సెన్సర్ బొమ్మ. అక్కడ పరీక్ష ఫోటో ఒక్కటే దారి.

పరీక్ష ఫోటో ఇలా తీయండి. ఎపర్చర్ ప్రయారిటీలో (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం కొలతని మనమే ఎంచుకునే పద్ధతి) ఎఫ్/16 లేదా ఎఫ్/22 (అంకె పెరిగితే రంధ్రం చిన్నది), ఐఎస్‌ఓ 100, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి అనంతానికి తిప్పండి. లాప్‌టాప్ తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, లెన్స్‌ని తెరకి జానెడు దూరంలో పెట్టండి. ఎక్స్‌పోజర్ +1 చేయండి. షట్టర్ నెమ్మదిగా పడుతుంది, పడనివ్వండి. ఆ సమయంలో కెమెరాని కొంచెం అటూ ఇటూ కదిపితే తెర మీది గళ్ళు అలికిపోతాయి, సెన్సర్ మీది దుమ్ము మాత్రం కదలదు కాబట్టి స్పష్టంగా మిగులుతుంది. ఫోటోని కంప్యూటర్‌లో తెరిచి కాంట్రాస్ట్ బాగా పెంచి 100 శాతంలో చూడండి. ఇదే ఫోటో ఎఫ్/2.8లో తీస్తే ఏమీ కనబడదు. దుమ్ము చిప్‌కి కొంచెం ముందు ఉంటుంది కాబట్టి ఎపర్చర్ పెద్దగా ఉన్నప్పుడు వెలుగు అన్ని వైపుల నుంచీ వచ్చి నీడని కరిగించేస్తుంది. ఎపర్చర్ చిన్నదైతే నీడ గట్టిపడుతుంది.

ఇందులోంచే ఇంకో మాట. మీరు తీసేవి మండపం లోపల ఎఫ్/2.8 నుంచి ఎఫ్/5.6 దాకా ఉండే పెళ్ళి ఫోటోలే అయితే, ఎఫ్/22లో కనబడే నాలుగు చుక్కల కోసం సెన్సర్ ముట్టుకోనక్కర్లేదు. ఎఫ్/11లో కూడా కనబడుతున్నాయా అని చూడండి. కనబడకపోతే కెమెరా మూసి పక్కన పెట్టండి. వంద శాతం మచ్చలేని సెన్సర్ అనేది కొత్త కెమెరాలో కూడా అరుదే.

చుక్క ఫోటోలో ఎక్కడుందో చూసి గాజు మీద చోటు కనిపెట్టవచ్చు. కెమెరా నిటారుగా, లెన్స్ రంధ్రం మీవైపు ఉండేలా పట్టుకుంటే పై-కింద మాత్రమే తిరగబడతాయి, ఎడమ-కుడి తిరగబడవు. ఫోటోలో పైన ఎడమ మూల చుక్క ఉంటే, మీకు ఎదురుగా ఉన్న గాజు మీద అది కింద ఎడమ మూల ఉంటుంది.

ఏ మురికో తెలిస్తే సగం పని అయినట్టే

చిన్నగా, నల్లగా, అంచు తేలిన చుక్క అయితే పొడి దుమ్ము. వంకరగా సన్నటి తీగలా ఉంటే బట్ట నూలుపోగు. ఈ రెండూ దాదాపు ఎప్పుడూ గాలికే పోతాయి. గుండ్రంగా, మధ్యలో వెలుగు, చుట్టూ ముదురు వలయంలా ఉంటే నూనె చుక్క లేదా ఎండిన నీటి బొట్టు. అది గాలికి పోదు.

నూనె బయటినుంచి రాదు. అద్దం, షట్టర్ కదిలే చోట వేసిన కందెన కొత్త కెమెరాల్లో కొన్నిసార్లు చిమ్ముతుంది. 2012లో వచ్చిన నికాన్ డీ600లో ఇలా సెన్సర్ మీద మచ్చలు పడటం ఎంత ముదిరిందంటే, వారంటీ దాటిన వాటికి కూడా షట్టర్ భాగాలు ఉచితంగా మార్చి ఇస్తామని 2014లో కంపెనీ ప్రకటించింది. కొత్త కెమెరాలో నూనె చుక్కలు పదే పదే వస్తుంటే తుడుచుకుంటూ కూర్చోకండి, వారంటీలో చూపించండి.

మన వైపు ఇంకో నాలుగు రకాలు తరచుగా తగులుతాయి.

పసుపు, కుంకుమ. తలంబ్రాల దగ్గరా మంగళస్నానాల దగ్గరా లెన్స్ మార్చిన కెమెరాల్లో ఇవి ఖాయం. పసుపులోని రంగు పదార్థం నీటిలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. సెన్సర్ ద్రవాల్లో చాలావాటిలో ఉండేది మెథనాల్. పసుపు రేణువు గాజు మీద ఉండగా తడి స్వాబ్ పెడితే రేణువు పోకపోగా పచ్చటి చార తయారవుతుంది. కాబట్టి పెళ్ళి కెమెరాకి గాలి మెట్టు మీద ఎక్కువ సేపు ఉండండి. ఒకటికి నాలుగుసార్లు ఊది, పరీక్ష ఫోటో తీసి, చుక్కలు చోటు మారుతున్నంతసేపూ తడి జోలికి పోకండి. చోటు మారుతోందంటే అది అంటుకోలేదనే అర్థం.

హోమం పొగ, సాంబ్రాణి. నెయ్యి మండిన పొగ జిడ్డుగా ఉంటుంది. అది విడి చుక్కలుగా కనబడదు. ఫోటో మొత్తానికి పలుచటి మసక తెచ్చి, ఆ తర్వాత వచ్చే దుమ్మును పట్టి ఉంచుతుంది. లెన్స్ వెనక గాజు మీద కూడా ఇదే పొర కడుతుంది. ముందు అక్కడ తుడిచి చూడండి, చాలాసార్లు మసక అక్కడిదే.

ఉప్పు, ఇసుక. గోపాల్‌పూర్ గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టేటప్పుడు రుషికుల్య ఇసుకలో బోర్లా పడుకుని తీసేవాళ్ళ కెమెరాలకి మౌంట్ (లెన్స్ బిగించే ఉంగరం) చుట్టూ ఇసుక చేరుతుంది. లోపల చూసే ముందు కెమెరా బయట శుభ్రం చేయండి. లెన్స్ తీయకుండానే మెత్తటి బ్రష్‌తో దులిపి, మంచినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా శరీరమంతా, ముఖ్యంగా లెన్స్ వచ్చి కలిసే అంచు చుట్టూ తుడిచి ఆరనివ్వండి. ఇది చేయకుండా లెన్స్ తిప్పితే అంచున ఉన్న ఇసుక నేరుగా లోపలికి రాలుతుంది.

ఎర్రమట్టి. కోరాపుట్, రాయగడ దారుల్లో, బాక్సైట్ లారీలు తిరిగే చోట లేచే దుమ్ము చాలా మెత్తన. ఊదితే తేలికగానే లేస్తుంది కానీ మళ్ళీ అక్కడే వాలుతుంది. కెమెరా నోరు (లెన్స్ తీసిన రంధ్రం) నేలవైపు ఉంచి ఊదడం ఇక్కడ మరీ ముఖ్యం.

దగ్గర పెట్టుకోవలసినవి

పెద్ద రబ్బరు బ్లోవర్, అంటే రాకెట్ ఆకారంలో ఉండేది. అరచేతిలో ఇమిడిపోయే బుల్లి బ్లోవర్‌కి బలం చాలదు. వెనకనుంచి గాలి పీల్చే వాల్వ్ ఉన్నది కొనండి, లేకపోతే ఊదిన దుమ్మునే మళ్ళీ ముక్కుతో పీలుస్తుంది. రబ్బరు పాతబడి లోపల పొడి రాలుతుంటే పారేయండి. వాడే ముందు కెమెరాకి దూరంగా పదిసార్లు గట్టిగా నొక్కి లోపలి దుమ్ము పోగొట్టండి.

సెన్సర్ స్వాబ్‌లు, మీ సెన్సర్ కొలతకి సరిపోయేవి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ., దానికి 24 మి.మీ. వెడల్పు స్వాబ్. ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5×15.6 మి.మీ. (కెనాన్‌లో 22.3×14.9), దానికి 16 మి.మీ. స్వాబ్. కొలత సరిపోతే ఒక్క లాగుడులో పై అంచు నుంచి కింది అంచు దాకా గాజు అంతా వస్తుంది. ఏపీఎస్-సీ స్వాబ్ ఫుల్ ఫ్రేమ్‌కి వాడితే రెండు చాళ్ళుగా తుడవాలి, ఆ రెండు చాళ్ళ మధ్య గీతలా మరక మిగులుతుంది. ఒక్కొక్కటీ విడిగా సీల్ చేసినవే కొనండి.

సెన్సర్ కోసమే తయారైన ద్రవం. మెథనాల్ ఉన్నదైతే విషం, తొందరగా అంటుకుంటుంది. దేవుడి గదికీ పొయ్యికీ దూరంగా, పిల్లలకి అందకుండా ఉంచండి. గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది, కాబట్టి చుక్కలు వేసుకున్న వెంటనే మూత బిగించండి. సగం వాడి రెండేళ్ళు బీరువాలో పెట్టిన సీసా మరకలే మిగులుస్తుంది.

తలకి కట్టుకునే టార్చ్, నిండా చార్జ్ చేసిన బ్యాటరీ, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు. అంతే.

దుకాణంలో వీటితోపాటు చూపించే జిగురు పుల్ల, అంటే చివర మెత్తటి జెల్ ఉన్నది, ఒంటరి మొండి చుక్కకి బాగా పనిచేస్తుంది. కానీ కొన్ని కెమెరాల పూతకి అది సరిపడదు, చవకరకం జెల్ తన మరకనే వదిలిపోతుంది. మీ మోడల్‌కి పనికొస్తుందని ఆ తయారీదారే రాసి ఉంటే తప్ప వద్దు.

గది

ఫ్యాన్, ఏసీ ఆపి, తలుపులు మూసి ఇరవై నిమిషాలు ఆగండి. తేలే దుమ్ము కిందికి దిగుతుంది. బల్లని తడిగుడ్డతో తుడవండి. నూలు తువ్వాలు, ఊలు స్వెటర్, పౌడర్ రాసుకున్న చేతులు వద్దు. ఇంట్లో పరుపులు, కర్టెన్లు లేని గది దొరికితే మేలు. ఆరిన స్నానాల గది చాలా ఇళ్ళలో అన్నిటికంటే దుమ్ము తక్కువున్న చోటు. తడిగా ఉండగా మాత్రం కాదు. ముసురు పట్టిన రోజున తడి మెట్టు పెట్టుకోకండి. గాలిలో తేమ ఎక్కువైతే ద్రవం ఆరడం ఆలస్యమై చారలు మిగులుతాయి.

మొదటి మెట్టు: వణికించడం

2003లో వచ్చిన ఒలింపస్ ఈ-1తో మొదలై ఇప్పుడు దాదాపు అన్ని కెమెరాల్లో సెన్సర్‌ని వణికించి దుమ్ము రాల్చే ఏర్పాటు ఉంది. మెనూలో సెన్సర్ క్లీనింగ్ అన్నచోట ‘క్లీన్ నౌ’ నొక్కండి. అప్పుడు కెమెరాని చేతిలో వంచి పట్టుకోకుండా, అడుగు బల్లమీద ఆనేలా నిలబెట్టండి. రాలిన దుమ్ము కిందికి పోవాలి కదా. రెండు మూడుసార్లు చేసి పరీక్ష ఫోటో తీయండి. వరసగా పదిసార్లు నొక్కితే ఎక్కువ పోతుందనుకోకండి, లాభం ఉండదు.

రెండో మెట్టు: గాలి

డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం పైకి లేచి, షట్టర్ తెరుచుకుని ఉండాలి. కెనాన్ మెనూలో ‘క్లీన్ మాన్యువల్లీ’, నికాన్‌లో ‘లాక్ మిర్రర్ అప్ ఫర్ క్లీనింగ్’ అని ఉంటుంది. నికాన్‌లో అది ఎంచుకున్నాక షట్టర్ బటన్ పూర్తిగా నొక్కితే అద్దం లేస్తుంది. పని అయ్యాక కెమెరా ఆఫ్ చేస్తే దిగుతుంది. బ్యాటరీ తక్కువుంటే ఈ మెనూ అసలు తెరుచుకోకపోవచ్చు, అది మీ మంచికే. మధ్యలో కరెంటు ఆగితే షట్టర్ పరదా మూసుకుపోతుంది. లోపల స్వాబ్ ఉంటే పరదా రేకులు దానికి తగిలి వంగిపోతాయి.

ఫోటో తీసేటప్పుడు కదలిక తగ్గించడానికి వాడే మిర్రర్ లాకప్ వేరు. దానితో ఇది పొరబడకండి. అందులో అద్దం లేచినా సెన్సర్ ముందు షట్టర్ మూసే ఉంటుంది, 30 సెకన్లకి కెమెరా దాన్ని తనంతట తానే ముగించేస్తుంది. బల్బ్ మోడ్‌లో పెట్టి వేలితో బటన్ నొక్కి ఉంచి తుడిచే పద్ధతి పాతకాలంలో చెప్పుకునేవారు. వేలు జారితే షట్టర్ పోయినట్టే, ఆ పద్ధతి వదిలేయండి.

మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీయగానే సెన్సర్ కనబడుతుంది. అయితే కొన్ని కొత్త మోడళ్ళలో కెమెరా ఆఫ్ చేస్తే షట్టర్ పరదా సెన్సర్ ముందుకి వచ్చి మూసుకుంటుంది. ఆ పరదా మీద గాలి ఊదకూడదు, వేలు పెట్టకూడదు. చాలా పలుచటి రేకులు అవి. మెనూలో పరదా తెరిచి ఉంచే ఎంపిక గానీ క్లీనింగ్ మోడ్ గానీ ఎంచుకుని, సెన్సర్ గాజే కనబడుతోందని టార్చ్ వేసి చూశాకే ముందుకెళ్ళండి.

ఇక ఊదడం. ఎడమచేత్తో కెమెరా ఎత్తి, నోరు నేలవైపు వంచండి. కుడిచేత్తో బ్లోవర్‌ని కిందనుంచి పైకి ఎక్కుపెట్టండి. ముక్కు కొన లెన్స్ మౌంట్ అంచు దగ్గరే ఆగాలి, లోపలికి దూరకూడదు. గట్టిగా నొక్కినప్పుడు చెయ్యి ఉలికిపడి ప్లాస్టిక్ కొన గాజుకి తగులుతుంది. అద్దం పెట్టె గోడలకి ముందు ఊది, తర్వాత సెన్సర్ మధ్యకి, ఆపైన నాలుగు మూలలకి, మొత్తం పది పదిహేను సార్లు. గోడల మీది దుమ్ము వదిలేసి సెన్సర్ ఒక్కటీ ఊదితే అద్దం మొదటిసారి కొట్టుకోగానే గోడ దుమ్ము మళ్ళీ వచ్చి వాలుతుంది. నోరు కిందికే ఉంచి అర నిమిషం ఆగి, లెన్స్ పెట్టి, పరీక్ష ఫోటో తీయండి.

నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడితే పొడి దుమ్ము కాస్తా తడి మరక అవుతుంది. కంప్యూటర్లు దులిపే డబ్బా గాలి కూడా వద్దు. డబ్బా వంగితే లోపలి ద్రవం చల్లగా చిమ్మి గాజు మీద గట్టి మరక కడుతుంది. పెట్రోల్ బంకులో టైర్లకి కొట్టే గాలి సంగతి చెప్పనే అక్కర్లేదు, అందులో కంప్రెసర్ నూనె ఉంటుంది, ఆ ఒత్తిడికి షట్టర్ నిలవదు.

మామూలు దుమ్ము చాలావరకు ఇక్కడితో పోతుంది. పోతే ఆగిపోండి.

మూడో మెట్టు: తడి స్వాబ్

రెండుసార్లు ఊదినా అదే చోట అదే మచ్చ ఉంటేనే ఇది. మొదలుపెట్టే ముందు మరోసారి ఊదండి, ఎందుకో ఇసుక సంగతి చదివారు కాబట్టి తెలుసు.

1. కెమెరాని బల్లమీద వెల్లకిలా, నోరు పైకి ఉండేలా పెట్టండి. కింద మడతపెట్టిన గుడ్డ ఉంటే కదలదు. టార్చ్ తలకి కట్టుకుని వెలుతురు గాజు మీద ఏటవాలుగా పడేలా చూసుకోండి. ఈ మెట్టు మొత్తం మూడు నిమిషాలు దాటనివ్వకండి, నోరు పైకి ఉన్నంతసేపూ గదిలో దుమ్ము లోపలికి దిగుతూనే ఉంటుంది.

2. స్వాబ్ కవర్ చింపండి. గుడ్డ ఉన్న కొనని వేలితో తాకకండి, వేలి జిడ్డు నేరుగా సెన్సర్ మీదికి వెళుతుంది.

3. స్వాబ్ అంచు మీద ద్రవం చుక్కలు వేయండి. 16 మి.మీ. స్వాబ్‌కి ఒకటి రెండు, 24 మి.మీ. స్వాబ్‌కి రెండు మూడు చాలు. అయిదారు సెకన్లు ఆగితే అంచంతా సమంగా పాకుతుంది. నలుసంత తడి ఉండాలి, కారకూడదు. ద్రవం ఎప్పుడూ స్వాబ్ మీదే వేయాలి, గాజు మీద ఎన్నడూ కాదు. గాజు మీద వేస్తే అంచుల సందులోంచి ఫిల్టర్ వెనక్కి దిగుతుంది, ఆ మరక ఇంట్లో పోయేది కాదు.

4. గాజు ఎడమ అంచున స్వాబ్ ఆనించి, పిడిని కొంచెం కుడివైపు వాల్చి, అటే ఒక్క ఊపున లాగండి. రెండు మూడు సెకన్లు పట్టాలి. ఒత్తిడి ఎంత అంటే, స్వాబ్ కొన కాస్త వంగేంత. శరీరంలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకు ఫోటోలో పడకుండా ఆపే ఏర్పాటు) ఉన్న కెమెరాల్లో సెన్సర్ తేలుతూ ఉంటుంది, ముట్టుకుంటే కదులుతుంది. భయపడకండి, కానీ ఇంకా తేలిగ్గా లాగండి.

5. కుడి అంచుకి చేరాక ఎత్తి, స్వాబ్‌ని రెండో వైపుకి తిప్పి, కుడినుంచి ఎడమకి అలాగే లాగండి.

6. స్వాబ్‌ని చెత్తబుట్టలో వేయండి. రెండు వైపులా వాడేశారు. ఇంకా తెల్లగానే ఉందని మూడోసారి వాడితే అంచున చేరిన రేణువుతో మీరే గీస్తున్నట్టు.

7. కెమెరా నోరు కిందికి తిప్పి, ఆఫ్ చేసి, లెన్స్ పెట్టి, పరీక్ష ఫోటో.

మొదటి స్వాబ్‌తో అంతా పోదు. మధ్యలోది పోయి అంచున గీతలా మరక మిగలడం మామూలు. స్వాబ్ ఎత్తిన చోట ద్రవం నిలిచిపోవడం వల్ల అలా అవుతుంది. ఈసారి ఒక చుక్క తగ్గించి, ఎదురు అంచు నుంచి మొదలుపెట్టండి. గాజంతా మేఘంలా చారలు వస్తే ద్రవం ఎక్కువైంది, లేదా సీసా పాడైంది. మూలల్లో చుక్కలు పేరుకుంటే స్వాబ్ వెడల్పు చాలలేదు. నూనె చుక్క అయితే మొదటి స్వాబ్‌కి అలుక్కుపోయి పెద్దదవుతుంది, రెండోదానికి పలుచనై మూడోదానికి పోతుంది. వరసగా నాలుగు స్వాబ్‌లు దాటితే ఆపేయండి. ఆ తర్వాత ఒత్తిడి పెంచాలనిపిస్తుంది, గీతలు పడేది ఆ ఘడియలోనే.

సెన్సర్ ద్రవానికి బదులు ఇంట్లో దొరికేవి ఏవీ వద్దు. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక జిగురు పొర. గోళ్ళరంగు తీసే అసిటోన్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. 70 శాతం ఐసోప్రొపైల్‌లో మిగతాది నీరు, చారలు తప్పవు. చెవుల్లో పెట్టుకునే దూది పుల్ల పోగులు రాలుస్తుంది. కళ్ళద్దాల గుడ్డ ఎంత మెత్తనిదైనా మీ జేబులో తిరిగినదే.

అద్దం, స్క్రీన్, లెన్స్ వెనక భాగం

డీఎస్‌ఎల్‌ఆర్ అద్దానికి మెరిసే పూత వెనక కాక ముందువైపే ఉంటుంది. గాలి తప్ప మరేదీ తగలనివ్వకండి. దాని పైనున్న ఫోకసింగ్ స్క్రీన్ మెత్తటి ప్లాస్టిక్, సన్నటి గరుకు ఉపరితలం. ద్రవం తగిలితే మరక శాశ్వతం. అక్కడి దుమ్ము చూడటానికి చిరాకే కానీ ఫోటోలో రాదు కాబట్టి ఊది వదిలేయండి. అద్దం పెట్టె అడుగున ఆటోఫోకస్ సెన్సర్ల కిటికీ ఉంటుంది. అక్కడ నూలుపోగు పడితే ఫోకస్ తడబడుతుంది, ఊదేటప్పుడు దాన్నీ ఊదండి.

లెన్స్ వెనక గాజు మీద వేలిముద్ర, పొగ పొర ఉంటే ముందు ఊది, తర్వాత లెన్స్ టిష్యూకి ఒక చుక్క లెన్స్ ద్రవం వేసి మధ్యనుంచి అంచుకి గుండ్రంగా తుడవండి. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య కరెంటు అందించే ఇత్తడి రంగు కాంటాక్టులని పొడి మైక్రోఫైబర్‌తో రుద్దితే చాలు. మౌంట్ ఉంగరం మీద అరిగిన లోహపు పొడి నల్లగా అంటుకుని ఉంటుంది. గుడ్డతో తుడిచి చూడండి, సెన్సర్ మీది చాలా దుమ్ముకి పుట్టిల్లు అదే. కెమెరా శరీరం మూత, లెన్స్ వెనక మూత లోపల కూడా అంతే. వాటిని సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. లెన్స్ పెట్టి ఉన్నప్పుడు ఆ రెండు మూతల్నీ ఒకదానికొకటి బిగించి సంచిలో వేసుకుంటే లోపల దుమ్ము చేరదు.

లెన్స్ ఊడని చిన్న కెమెరాల్లో దుమ్ము చేరితే మాత్రం స్క్రూలు విప్పకండి. ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా చార్జ్ నిలిచి ఉంటుంది, బ్యాటరీ తీసినా వెంటనే పోదు.

వానాకాలం, బూజు

గంజాం తీరంలో వానాకాలం తేమ 80 శాతం దాటడం మామూలే. 60-65 శాతం పైన చీకట్లో మూసి ఉంచిన గాజు మీద బూజు పడుతుంది. చెట్టు వేళ్ళలా పాకే సన్నటి తెల్లదారాలు కనబడితే అదే. తోలు సంచిలో, చెక్క బీరువాలో నెలల తరబడి కెమెరా పెట్టడం దానికి విందు. రబ్బరు అంచున్న గట్టి మూత డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటర్ పెట్టి 40-50 శాతం దగ్గర ఉంచండి. రంగు మారే జెల్ అయితే నారింజ రంగుది కొనండి. నీలం నుంచి గులాబీకి మారేదాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. రంగు మారాక సుమారు 120 డిగ్రీల్లో గంటో రెండు గంటలో వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది, వంట గిన్నెలో మాత్రం కాదు. బియ్యం డబ్బాలో కెమెరా పెడితే తేమ సంగతి ఎలా ఉన్నా పిండి దుమ్ము చేరుతుంది. కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరి గాజు మీదే పేరుకుంటుంది.

ఏసీ గదిలోంచి బరంపురం ఉక్కపోతలోకి తీసుకొచ్చిన కెమెరాకి చెమట పడుతుంది. చలికాలం దేవమాలి కొండ మీంచి కిందికి దిగినప్పుడూ అంతే. బయటికి తెచ్చే ముందు జిప్ సంచిలో మూసి, అరగంట అలాగే ఉంచి తీయండి. ఆ తడి ఆరకముందు లెన్స్ మార్చితే తేమ లోపలికి చేరి, దానిమీద వాలిన దుమ్ము అతుక్కుపోతుంది. గాలికి లేవని మచ్చలు తయారయ్యే దారుల్లో ఇదొకటి.

లెన్స్ మార్చేటప్పుడు

కెమెరా ఆఫ్ చేయండి. కొత్త లెన్స్ వెనక మూత ముందే వదులు చేసి పెట్టుకోండి. కెమెరా నోరు నేలవైపు ఉంచి, గాలికి వీపు పెట్టి, మార్చేయండి. తలంబ్రాలు పోసేటప్పుడు, హోమం దగ్గర, ఠాకూరాణీ యాత్ర ఊరేగింపు నడుమ, బీచ్‌లో అసలు మార్చకండి. రెండు కెమెరాలుంటే ఒక్కోదానికి ఒక్కో లెన్స్ బిగించి రోజంతా అలాగే ఉంచండి. ముందుకీ వెనక్కీ సాగే జూమ్ లెన్స్‌లు గాలిని లోపలికి పీలుస్తాయి. దుమ్ములో పనైతే జూమ్ తిప్పడం తగ్గించుకోండి.

ఎప్పుడు సర్వీసుకి ఇవ్వాలి

గాజు మీద గీత, పూత పొర లేచినట్టు ఇంద్రధనుస్సు మచ్చ, సెన్సర్ మీద బూజు దారాలు, ఫిల్టర్ వెనక ఉన్నట్టు ఎంత తుడిచినా కదలని చుక్క, సముద్రపు నీరు లోపలికి పోవడం. వీటికి ఇంట్లో పరిష్కారం లేదు. ఉప్పునీరు పోయి ఉంటే కెమెరా ఆన్ చేసి చూడకండి, బ్యాటరీ, కార్డు తీసేసి అలాగే పంపండి. పార్సిల్‌లో పరీక్ష ఫోటో ప్రింటు ఒకటి, మచ్చ ఉన్న చోట గుండ్రంగా గుర్తుపెట్టి జతచేయండి. అక్కడి టెక్నీషియన్‌కి వెతుక్కునే పని తప్పుతుంది, తిరిగొచ్చాక మీరు పోల్చి చూసుకోవడానికీ పనికొస్తుంది.